పిన్నీసు

మా అమ్మమ్మ దగ్గర ఒక డాల్డా డబ్బా ఉండేది. పసుప్పచ్చ రేకు, దాని మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ. నాకు ఊహ తెలిసేసరికే బొమ్మ సగం చెరిగిపోయి, అంచులు తుప్పు పట్టి ఉంది. అందులో డాల్డా ఎన్నడన్నా ఉందో లేదో తెలీదు. నేను చూసినప్పట్నుంచీ దాన్నిండా గుండీలే. వానాకాలం పనుల్లేని రోజున అమ్మమ్మ దాన్ని చాప మీద బోర్లిస్తే గలగలమని పరుచుకునేవి. రెండు కళ్లవి ఒక కుప్ప, నాలుగు కళ్లవి ఒక కుప్ప, అడుగున కొక్కెం ఉండేవి ఒక కుప్ప పోసేవాళ్లం. ఇత్తడివి, కొబ్బరి చిప్పతో చేసినవి, ముత్యపు చిప్పవి, కోటుకుండే పెద్ద పెద్ద నల్లవి. మా పల్లెలో కోటు తొడిగినవాడు ఒక్కడూ లేడు. మరి కోటు గుండీలు ఎక్కడివే అమ్మమ్మా అంటే "ఉప్పెనిచ్చింది" అనేది.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి మా అమ్మ తొమ్మిదేళ్ల పిల్ల. సముద్రం మీదికొచ్చేసిన ఆ రాత్రి అమ్మమ్మ కట్టుకున్న చీర విప్పి, దాంతో అమ్మని తన నడుముకి బిగించి, తుమ్మచెట్టుని కరుచుకుని ఉందంట. తెల్లారేసరికి చెట్టు ఉంది, ఇద్దరూ ఉన్నారు, చీరలో సగం ఉంది. ఆ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారని పుస్తకాల్లో ఉంది. మా పల్లెలో పోయినవాళ్ల లెక్క అమ్మమ్మ వేళ్ల మీద చెప్పేది. వేళ్లు చాలక మధ్యలో ఆపేసేది. నీళ్లు తీశాక ఆవిడ మొదట వెతుక్కుంది బట్ట కోసం. వొంటి మీద గుడ్డ లేకుండా శవాల మధ్య నడిచానే అని చెప్పేటప్పుడు, అప్పటికి పాతికేళ్లు గడిచినా సరే, కొంగు లాక్కుని గట్టిగా కప్పుకునేది.

తర్వాత లారీల్లో బట్టలొచ్చినయ్. ఎక్కడెక్కడి వాళ్లో ఇళ్లల్లో పాత బట్టలు మూటలు కట్టి పంపారు. రోడ్డు పక్కనున్న ఊరికి ముందు, లోపలున్న పల్లెకి చివర. మా మాలపల్లెకి చేరేసరికి చీరలూ పంచెలూ అయిపోయి, ఊలు స్వెట్టర్లూ ప్యాంట్లూ కోట్లూ మిగిలినయ్యంట. ఎండకి మాడే సీమకి ఊలు స్వెట్టర్లు. ఊళ్లో చచ్చిన పశువుల్ని ఈడ్చడానికి మా వాళ్లని పిలిచారు. మా చినతాత మోకాళ్ల దాకా వేలాడే కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని కళేబరాలు ఈడ్చాడంట. అది చెప్పేటప్పుడు అమ్మమ్మ నవ్వేది. చిన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని.

వేసుకోడానికి వీల్లేనివన్నీ కోసి అమ్మమ్మ బొంత కుట్టింది. కోసేముందు గుండీలు తెంపి డబ్బాలో వేసింది. "గుడ్డ చస్తది పిల్లా, గుండీ చావదు" అనేది. అడుగున గోనె, మధ్యలో చింపులు, పైన ఎవరివో ప్యాంట్ల ముక్కలు, ఎవరివో చొక్కాల వీపులు. దబ్బనంతో దగ్గర దగ్గరగా వరసలు వరసలు కుట్లు. ఒక ముక్క మీద చాకలి గుర్తు అలాగే ఉండేది. అది ఏ ఊరి గుర్తో, ఏ ఇంటి గుర్తో. ఆ బొంత కింద నేను ఇంటర్ దాకా పడుకున్నాను.

బట్ట ఎరగనివాళ్లం కాదు మేము. మాలలు ముతక నేత నేసేవాళ్లని 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో ఉంది. అమ్మమ్మ థర్‌స్టన్‌ని చదవలేదు, ఆవిడకి వేలిముద్రే వచ్చు. అయినా వాళ్ల తాత ఇంట్లో మగ్గం గుంట ఉండేదని చెప్పేది. "నేసినోళ్లం మనమే, చింపులు కట్టిందీ మనమే" అనేది. మిల్లు బట్ట వచ్చి మగ్గం పోయింది, కాలవలొచ్చి వరి వచ్చింది, గుంట పూడ్చుకుని మా వాళ్లు పరాయి చేలల్లో వంగున్నారు.

నా చిన్నప్పటి బట్టల్లో సగం అమ్మ కూలికి పోయే కామందు ఇంటివి. వాళ్లమ్మాయిదీ నాదీ ఒకే వయసు. ఏడాదికొకసారి సంక్రాంతి ముందు వాళ్లావిడ ఒక మూట పడేసేది. ఆ గౌన్లకి గుండీలుండేవి కాదు. ఊడిపోయి కాదు, కత్తిరించుకునేవాళ్లు. దారం కొసలు తెగిన గుర్తుతో సహా కనపడేది. ఆ గుండీలు వాళ్లేం చేసుకునేవాళ్లో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాళ్లకి రైసుమిల్లుంది, లారీ ఉంది. గుండీలతో సహా ఇస్తే ఇచ్చినట్టవుతుందనేమో.

అమ్మమ్మ డబ్బా అప్పుడు పనికొచ్చేది. మూడు గుండీలు ఒక రకంవి దొరికితే పండగే. లేకపోతే పైన తెల్లది, మధ్యలో గోధుమ రంగుది, కింద ఇత్తడిది. కాజా పెద్దదైతే చుట్టూ దారం తిప్పి బిగించేది. చిరిగినచోట అమ్మ మాసిక వేసేది. అమ్మ చెయ్యి మంచిది. చిరుగు ఉన్న చోటే అని తెలియకుండా ఉండాలని, చిరుగు లేని వైపు కూడా అలాంటి ముక్కే వేసి కుట్టేది. రెండు మామిడిపిందెలో, రెండు ఆకులో అయ్యేవి. చూసినవాళ్లు డిజైను అనుకునేవాళ్లు. అలాంటి గౌను వేసుకుని నాలుగో తరగతిలో కూచున్నాను. కామందు కూతురు వెనక బల్ల మీంచి వంగి, మామిడిపింద అంచు గోటితో ఎత్తి, "ఇక్కడే చిరిగింది. ఇది నాది" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ పిల్లకి తన గౌను తను గుర్తు పట్టానన్న సంతోషం తప్ప ఏమీ లేదు. నేను ఆ రోజంతా వీపు గోడకి ఆనించి కూచున్నాను. ఇంటికొచ్చి ఆ మాసిక పీకేశాను. అమ్మ ఏమీ అనలేదు. చిరుగుని మళ్లీ కలిపి, లోపలి నుంచి పిన్నీసు పెట్టింది.

ఇక పిన్నీసుల సంగతి. అమ్మ గాజులకి ఎప్పుడూ మూడు నాలుగు పిన్నీసులు వేలాడుతుండేవి. తాళికి ఇంకో రెండు. జాకెట్టు హుక్కులు ఊడితే పిన్నీసు, లంగా బొందు ఎక్కించడానికి పిన్నీసు, కాల్లో ముల్లు దిగితే పిన్నీసు, లాంతరు కంతలో మసి తియ్యడానికి పిన్నీసు. చెప్పు తెగినా పిన్నీసే. నాట్లకి వంగినప్పుడు చీర జారకుండా భుజం మీద పిన్నీసు. కామందు చేలో గట్టు మీద నిలబడి చూసే కళ్లుంటాయి కదా, అందుకు.

టీచరునయ్యాక ఒక పుస్తకంలో చదివాను. ఈ పిన్నీసుని కనిపెట్టింది అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన, 1849లో. ఆయన 15 డాలర్ల బాకీ తీర్చలేక, తీగె చేత్తో తిప్పుతూ తిప్పుతూ దీన్ని చేసి, హక్కులు 400 డాలర్లకి అమ్మేశాడంట. అమ్మకి చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు. "అప్పులోళ్లకే తెలుస్తది దీని అవసరం" అంది.

నాన్న పిన్నీసు వేరు. డబ్బాలో గుండీల మధ్య ఒక నల్లగుడ్డ ముక్క ఉండేది, రెండు వేళ్ల వెడల్పు, తుప్పు పట్టిన పిన్నీసుతో. పాత గొడుగు గుడ్డ అది. అది గుండీ కాదు కదా, ఎందుకిక్కడ అని పారేయబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుక్కి, కాలవలో వేసినప్పుడు మా నాన్న పాతికేళ్లవాడు. ఆరేళ్ల ముందు, 1985 జులై 17న కారంచేడు. అప్పుడే నాన్న దళిత మహాసభ మనిషయ్యాడు. చుండూరు మాకు ఎంతో దూరం కాదు, కృష్ణ దాటితే తెనాలి పక్క. నాన్నా, ఇంకో ఆరుగురూ పోతూ నల్లబ్యాడ్జీలు కావాలనుకున్నారు. కొత్త నల్లగుడ్డ కొనడానికి డబ్బుల్లేవు. పల్లెలో ఉన్న ఒక్క గొడుగూ మా తాతది. దాన్ని కోశారు. తాత ఆ వానాకాలమంతా గోనె కొప్పెర వేసుకుని తిరిగాడు. తిట్టలేదంట.

ఆ కేసుకి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి, 2007 జులై 31న శిక్షలు వేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పు రోజుకి నాన్న లేడు. తీర్పు సంగతి అమ్మకి నేనే చెప్పాను. అమ్మ డబ్బా తీసి ఆ గుడ్డ ఉందా లేదా అని చూసి, మళ్లీ మూత పెట్టింది.

పీష్వాల పాలనలో మరాఠా దేశంలో అంటరానివాళ్లు మణికట్టుకో మెడకో నల్లతాడు కట్టుకోవాలని, అది చూసి హిందువులు తప్పుకుపోవాలని ఉండేదని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశాడు. డిగ్రీ చదివేటప్పుడు ఆ పేజీ దగ్గర నాకు గొడుగు గుడ్డ గుర్తొచ్చింది. వాళ్లు కట్టించిన నలుపు అది, మా నాన్న కోసుకున్న నలుపు ఇది. రంగు ఒకటే.

నాన్నతో కలిసి నేను చేసినవి నీలం బ్యాడ్జీలు. ఏప్రిల్ 14 వస్తోందంటే వారం ముందు నుంచీ మా అరుగు మీద అదే పని. పాత శుభలేఖలు దాచేవాళ్లం, మంచి దళసరి అట్ట కాబట్టి. వినాయకుడి బొమ్మ ఉన్న వైపు లోపలికి పోయేది. మందు సీసా మూత పెట్టి గుండ్రంగా గీసి, కత్తెరతో కోసేవాళ్లం. అంబేద్కర్ బొమ్మ క్యాలెండర్లోదో, కరపత్రం మీదిదో. ఒక్కో ఏడు సరిపడా బొమ్మలు దొరికేవి కావు. అప్పుడు నీలం కాగితం మీద జైభీమ్ అని నేనే రాసేదాన్ని. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాన్నకి గొప్ప. అతికించడానికి అన్నం మెతుకులు. మైదా ఉడకబెట్టచ్చు గానీ మెతుకు పట్టు వేరు, గోటితో నలిపి రాస్తే వానకి తప్ప ఊడదు. పైన పాలిథిన్ కాగితం లాగి వెనక్కి మడిచి దారంతో చుట్టి, ఆ దారం మీదే పిన్నీసుని పడుకోబెట్టి, దాని కదలని కాడకి నాలుగు కుట్లు వేసేది అమ్మ. కదిలే కాడకి కుట్టు పడితే పిన్నీసు విచ్చుకోదు. మొదట్లో నేనలా చాలా పాడు చేశాను. కింద నీలం రిబ్బను కుచ్చు.

అందరికీ పెట్టేది నాన్నే. మగవాళ్లకి జేబు మీద పెట్టి దండం పెట్టేవాడు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి బ్యాడ్జీ చేతిలో పెట్టి పక్కకి చూసేవాడు. మా ఆడవాళ్లకి జేబేది? ఆ అట్ట బిళ్లలన్నీ చొక్కా జేబుని తల్చుకుని చేసినవే. పైట మీద పెడితే బరువుకి కిందికి వేలాడి అంబేద్కర్ నేలచూపులు చూసేవాడు. అమ్మే ఉపాయం కనిపెట్టింది. భుజం మీద కుచ్చిళ్లకి పెట్టుకునే పిన్నీసుకే బ్యాడ్జీ కుట్టేసింది. ఆడవాళ్ల బ్యాడ్జీలకి అట్ట చిన్నది, పిన్నీసు పెద్దది. మీటింగుల్లో స్త్రీల సమస్యల మీద చాలా ఉపన్యాసాలు విన్నాను. ఈ సమస్య ఎవరూ చెప్పగా వినలేదు.

బెజవాడలో డిగ్రీ చదివేటప్పుడు, సంఘం పిల్లలతో కలిసి మొదటిసారి బ్యాడ్జీలు గుద్దే మిషను చూశాను. గవర్నరుపేట సందులో చిన్న గది. ఒక రేకు బిళ్ల, దాని మీద అచ్చు కాగితం, దాని మీద ప్లాస్టిక్ పొర పెట్టి పిడి నొక్కితే మూడూ ఒకటవుతాయి. రెండోసారి వెనక బిళ్ల పెట్టి నొక్కితే అంచు లోపలికి మడుచుకుంటుంది, పిన్ను దానికే ఉంటుంది. 44 మిల్లీమీటర్లు, 58 మిల్లీమీటర్లు, రెండు సైజులు. అమెరికాలో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ 1896లో ఇలాంటి బ్యాడ్జీకి పేటెంటు తీసుకుందని తర్వాత చదివాను. ఆ గదిలో ఒకే మిషను అన్ని పార్టీల నాయకుల్నీ గుద్దేది. మా నీలం బిళ్లలు పక్కన పోస్తుంటే గలగలమని అమ్మమ్మ గుండీల చప్పుడే. అందులోది ఒకటి డబ్బాలోకి చేరింది. అప్పట్నుంచి నేను పోయిన ప్రతి సభ నుంచీ ఒకటి తెచ్చి వెయ్యడం అలవాటైంది. పోగు చెయ్యాలని పెట్టుకున్నది కాదు. గుండీ చావదని విన్న చెవులు కదా.

చెప్పుకోడానికి ఇష్టం లేనిది ఒకటుంది. 2016లో నాకు టీచరుద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిందీ నేనే మొదలు, గవర్నమెంటు జీతం తీసుకుందీ నేనే మొదలు. ఆ జనవరి 17న హైదరాబాదు యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. గుంటూరు పిల్లాడు, మా ఈడువాడు. ఆ నెల నుంచీ నా సంచి పట్టీకి నీలం బ్యాడ్జీ ఎప్పుడూ ఉండేది. అది పెట్టుకునే బెజవాడలో అద్దె ఇల్లు వెతికాను. రాజధాని వస్తోందని అద్దెలు మండుతున్న రోజులు. మూడు చోట్ల ఇల్లు చూపించి, సంచి వంక చూసి, "మా వాళ్లెవరో వస్తామన్నారమ్మా" అన్నారు. నాలుగో ఇంటి గేటు ముందు నిలబడి బ్యాడ్జీ తీసేశాను. తొందరలో పిన్ను వేల్లో దిగింది. చప్పరిస్తూ లోపలికి పోయాను. ఇల్లుగలావిడ "మీరేమిట్లమ్మా?" అంది. "టీచర్నండీ" అన్నాను. ఆవిడ అడిగిందేమిటో నాకు తెలుసు, నేను చెప్పిందేమిటో ఆవిడకి తెలుసు. జీతం గవర్నమెంటుది కాబట్టి ఇల్లిచ్చింది.

బ్యాడ్జీ బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఐదు నెలలున్నాను. ఆరో నెలలో అమ్మ వచ్చింది. ఒక పొద్దున నేను స్కూలుకి పోయాక అమ్మ వడియాలు పెట్టడానికి డాబా ఎక్కింది. భుజం మీద పిన్నీసు ఊడితే ఇల్లంతా వెతికి, ఆ బ్యాడ్జీ దొరికిందని దాన్నే పెట్టుకుందంట. డాబా మీద ఇల్లుగలావిడ బట్టలారేస్తోంది. ఇద్దరూ వడియాల గురించి మాట్లాడుకున్నారంట, పిండి పులవాలా వద్దా అని. నెల తిరక్కుండా మా అబ్బాయి వస్తున్నాడు ఖాళీ చెయ్యమ్మా అంది ఆవిడ. కోపంగా కాదు, తాంబూలం కూడా ఇచ్చింది. సామాన్లు ఎత్తేటప్పుడు అమ్మ నా మొహం చూడలేదు. గాజులకి మూడు పిన్నీసులుండగా బియ్యం డబ్బా వెనక ఎందుకు వెతికిందో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

తర్వాతి ఇల్లు మా వాళ్లదే దొరికింది. డబ్బాలో కొంత స్కూలుకి తీసుకుపోయి బల్ల సొరుగులో పెట్టాను. మా హైస్కూల్లో పిల్లలకి ప్రభుత్వమే యూనిఫాం బట్ట ఇస్తోంది. కానుక అని ఒక పేరు, మిత్ర అని ఇంకో పేరు, ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. పేరేదైనా గుండీ ఆర్నెల్లే. మగపిల్లలు చొక్కాలు పట్టుకుని కొట్లాడుకుంటే రెండు గుండీలు పోతాయి. అన్నం బెల్లు తర్వాత సూదీ దారం తీసి కూచుంటాను. ఉప్పెన గుండీలు ఇప్పటికి నలభై మంది చొక్కాల మీదన్నా పోయుంటాయి. పిల్లలకి వాటి కథ చెప్పను. ఒకడికి ఇత్తడిది కుడితే మాత్రం మర్నాడు ముగ్గురు గుండీలు తెంపుకొచ్చారు, మాకూ పోలీసు గుండీ కావాలని.

2022లో పీఆర్సీ గొడవప్పుడు ఆ సూదీ దారం చూసే మా స్టాఫు నల్లబ్యాడ్జీల పని నాకప్పగించింది. ఇరవై రెండు కుట్టాను. ఎవరి మీదా ఏ మాటా రాలేదు. పట్టుచీరల మీద పెట్టుకున్నారు, తెల్ల చొక్కాల మీద పెట్టుకున్నారు. ఫిబ్రవరి 3న చలో విజయవాడకి బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. పోలీసులు ఆపుతారని మా వాళ్లు బ్యాడ్జీలు జేబుల్లో దాచుకుని పెళ్లివాళ్లలా బస్సుల్లో వచ్చి, రోడ్డు మీదికొచ్చాక పెట్టుకున్నారు. ఎండలో నా చేతి కుట్లు అన్ని గుండెల మీద చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగినయ్. హెడ్మాస్టరు గారు "మన మేడం చెయ్యి పడితే గెలిచినట్టే" అన్నారు.

ఆ ధైర్యంతో ఆ డిసెంబరు 6న ఇరవై రెండు నీలం బ్యాడ్జీలు పట్టుకుపోయాను. అంతే సైజు, అదే పిన్నీసు. అందరూ చేతిలోకి తీసుకున్నారు. బాగుంది మేడం అన్నారు. హిందీ మేడం చీర మీద పెట్టి చూసుకుని, "పిన్ను గుచ్చితే చీర చిరుగుద్దండీ" అంది. అదే చీర ఫిబ్రవరిలో చిరగలేదు. ఒకరు తర్వాత పెట్టుకుంటానన్నారు, ఒకరు టేబులు సొరుగులో వేసుకున్నారు. సాయంత్రం అటెండరు ఊడుస్తూ, కింద దొరికినవి నాలుగు తెచ్చిచ్చాడు. పెట్టుకున్నది నేనూ, అటెండరూ, తెలుగు మేడమూ.

తెలుగు మేడం మాదిగ. మేమిద్దరం ఒకే బస్సులో పోతాం, ఒకే క్యారేజీలో తింటాం. అప్పట్నుంచి ప్రతి డిసెంబరు 6కీ తను అడక్కుండానే భుజం నాకు చూపించి నిలబడేది, పెట్టవే అన్నట్టు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఎస్సీల వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా, 2000లో చేసిన చట్టం, 2004లో దాన్ని కొట్టేసిన తీర్పు, ముప్పై ఏళ్ల గొడవ. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో మా వాళ్లు రాసినవి నేను ఇక్కడ రాయలేను. నేను ఏమీ రాయలేదు. అలాగని ఎవర్నీ తప్పనీ అనలేదు. ఆ డిసెంబరులో నేను భుజానికి నీలం బ్యాడ్జీ పెడుతుంటే తను కదలకుండా నిలబడి, అయిపోయాక, చేతిసంచిలోంచి చిన్న పొట్లం తీసింది. డప్పు బొమ్మ బ్యాడ్జీ. వాళ్ల నాన్న దండోరా సభలకి పెట్టుకు తిరిగినది. అట్ట మీద అతికించిందే, పాలిథిన్ లాగి దారం చుట్టిందే. మా అరుగు మీద చేసిందనుకోవచ్చు.

"మూడేళ్ల నుంచీ నీది నేను పెట్టుకుంటన్నా. నాది నువ్వు పెట్టుకుంటావా?" అంది.

చేతిలోకి తీసుకున్నాను. బాగుంది అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక అది ఎవరి మాటో తెలిసింది. తర్వాతి మాట కూడా నాలిక చివరికొచ్చింది, చీర చిరుగుద్దని. దాన్ని మింగి, "అమ్మకి చూపించి పెట్టుకుంటా" అన్నాను. తను నవ్వి బస్సొచ్చింది పద అంది. నాలుగు నెలలకి, 2025 ఏప్రిల్లో, మన రాష్ట్రంలో వర్గీకరణ ఆర్డినెన్సు కూడా వచ్చింది. మేం ఇంకా ఒకే క్యారేజీలో తింటున్నాం. ఆ సంగతి తను మళ్లీ ఎత్తలేదు.

అమ్మకి ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు. 2024 జనవరిలో స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ని నిలబెట్టాక తీసుకుపోతే, విగ్రహం వంక తలెత్తి కాసేపు చూసి, బయట అమ్ముతున్న బ్యాడ్జీలు తిరగేసి వెనక పిన్నులు తడిమింది. "బొమ్మ బానే ఉంది, పిన్ను రేకుది. వంగిపోద్ది" అని కొనలేదు. మొన్న ఆదివారం డబ్బా బోర్లించి కూచుంటే పక్కకొచ్చి చేత్తో తడుముతా ఉంది. డప్పు బ్యాడ్జీ దొరికింది. వెనక్కి తిప్పి, దారం కుట్లు వేళ్లతో లెక్కపెట్టింది.

"ఇది నా కుట్టు కాదే. ఎవరిది?"

చెప్పాను.

"బానే కుట్టారు. కదలని కాడకే వేశారు" అంది. పిన్నీసు విప్పి మళ్లీ పెట్టి చూసింది. "బిగుసుకుపోయింది. ఎన్నాళ్లయింది పెట్టుకోక?"

నేను లేచి, కొబ్బరినూనె సీసా తెచ్చి, ఒక చుక్క పిన్నీసు తలకాయలో వేశాను.

"పెట్టుకుంటావా ఏంటి?" అంది అమ్మ.

పిన్నీసు నాలుగుసార్లు విప్పి మూశాను. వదులైంది. నూనె అట్టకి అంటకుండా కాగితంలో చుట్టి, స్కూలు సంచిలో వేశాను. సంచి పట్టీకి కాదు, లోపల అరలో.